తదితరులు

గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపే పానకాలుకు ఆ రిఫరెన్సు నోటికొచ్చు. పత్తికాయల్లో గులాబీ రంగు పురుగు మీద అచ్చయిన పేపరది. పత్తి గురించి రాసే ప్రతి స్కాలరూ దాన్ని చివర్న చూపించాల్సిందే. ఒక జర్నల్‌కు సంవత్సరం బ్రాకెట్లో కావాలి, ఇంకోదానికి చిట్టచివర కావాలి. ఆ కామాలూ చుక్కలూ ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. పేపరు మీద ఆరు పేర్లున్నాయి. ప్రత్తిపాడు చేలల్లో మూడేళ్ళు కాయ కాయా చీల్చి పురుగుల్ని లెక్కపెట్టిన పానకాలు పేరు మాత్రం అందులో లేదు. ఇదేం న్యాయమని గైడును నిలదీశాడు. దాంతో పీహెచ్‌డీ కూడా గంగలో కలిసింది.

ఇవాళ తేజశ్రీ అనే స్కాలరమ్మాయి తన పేపరు తెచ్చి పక్కన కూర్చుంది. దాని చివర్నా అదే రిఫరెన్సు. ఈ జర్నల్‌కు ఆరింట్లో మొదటి మూడు పేర్లే చాలట. పానకాలు మిగతా మూడూ చెరిపేసి, తదితరులు అనే అర్థంలో ‘ఎట్ ఆల్’ అని కొట్టాడు.

ఆ పిల్ల మొహం వాడిపోయింది. “అన్నా, మా సార్ వేస్తున్న ఇంకో పేపర్లో నా పేరు ఐదోది. రేపు నన్నూ ఇట్టాగే చెరిపేస్తారా?”

“చెరిపేస్తారు,” అన్నాడు పానకాలు, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా. “నయమేలేమ్మా. నువ్వు తదితరుల్లోనైనా ఉన్నావు.”