సాయంత్రం తర్వాత నీళ్లు

తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచంలో ఉన్న మగ్దలీనమ్మ మళ్లీ లేచి నడిచింది. అందుకని అల్లూరులోని వాళ్లింట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఎండ తగ్గినా ఉక్క తగ్గలేదు. రొయ్యల గుంటల మీది గాలి ఉప్పగా లోపలికి వస్తోంది.

పాట అయ్యాక పాస్టరమ్మ షారన్ గారు, ఇన్నాళ్లూ అత్తను చూసుకున్న క్యాథరిన్‌ను సాక్ష్యం చెప్పమన్నారు. క్యాథరిన్ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. మాటలు ముందే అనుకుని పెట్టుకుంది.

"ఈ శ్రమలో దేవుడు నాకు ఓపిక నేర్పినాడు. ఒక్కరోజు కూడా విసుక్కోకుండా సేవ చేసే కృప ఇచ్చినాడు."

"స్తోత్రం!" అన్నారు చాప మీది ఆడవాళ్లు. కుర్చీలోని మగ్దలీనమ్మ కూడా అన్నది.

"మరి నువ్వేం నేర్చుకున్నావు పెద్దమ్మా?" షారన్ గారు నవ్వుతూ అడిగారు.

"నేనా? పొద్దుగూకినాక దాహం ఆపుకోను నేర్చుకున్నా. తాగితే రాత్రికి మళ్లీ లేపాల గదమ్మా ఆ బిడ్డని. నా పక్క మార్చీ మార్చీ దాని నడుం పడిపోయింది."

అందరూ నవ్వారు. "ఇట్టాంటి అత్త మాకు దొరకలేదే!" అన్నది ఒకామె.

క్యాథరిన్ నవ్వలేదు. సాయంత్రం కాగానే నీళ్ల చెంబు మంచం దగ్గర్నుంచి తీసి వంటింట్లో పెట్టేది తనే. మొదట్లో ముసలామె అడిగేది. తర్వాత మానేసింది. పొద్దున ఆమె పెదాలు పగిలి ఉంటే క్యాథరిన్ కొబ్బరినూనె రాసేది. అదీ సేవలోనే జమ వేసుకుంది.

తలా ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్లు అందించారు. మగ్దలీనమ్మ పెదాలు తడుపుకుని, నిండు గ్లాసు పక్కన పెట్టేసింది.

"తాగండి అత్తమ్మా."

"పొద్దుపోయింది గదమే."

"చెంబు నేనే తీసేసినా అమ్మగారూ," అన్నది క్యాథరిన్, షారన్ గారి వైపు చూడకుండా. "ఇందాక నేను చెప్పింది సాక్ష్యం కాదు."

మగ్దలీనమ్మ ముఖం ముడుచుకుపోయింది.

"నోరు ముయ్‌మే! నా పక్క సంగతి ఊరంతా వినాల్నా? ఇన్నాళ్లూ నీ పరువు నేను కాపాడినా. నా పరువు నువ్వు కాపాడలేవా?"

షారన్ గారు గబగబా ప్రార్థన ఎత్తుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. క్యాథరిన్ మాత్రం మూసుకోలేదు. ఆ గ్లాసు పట్టుకుని అత్త పక్కన నిలబడింది.

ప్రార్థన సగంలో ఉండగా మగ్దలీనమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి చాపింది. చివరి చుక్క దాకా తాగింది. ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా కోడలి ముఖం చూడలేదు.