దాక్కునే జాగా

ఒకసారి కాలిన మట్టి మళ్లీ ఉడకదు. కుమ్మరింటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడే నేను నేర్చుకున్న సంగతి ఇది. అందుకే చోటే మియా జపాను నుంచి తెచ్చిన పెంకు ముక్కను మా మామ మల్లయ్య వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

చోటే మియా మా ఊరివాడే. ఇంగ్లీషువాళ్ల పటాలంలో కంచర గాడిదలు తోలాడు. యుద్ధం అయిపోయాక అతన్ని జపాను పంపారు. అక్కడ ఒక్క బాంబుతో పోయిన ఊరిని కళ్లారా చూసి, ఆ ఊరి ఇంటికప్పు పెంకొకటి జేబులో వేసుకుని వచ్చాడు. దాని మీద అన్నీ పొక్కులే. బెల్లం పాకం పొంగినట్టు మట్టి పొంగి, అట్లాగే గడ్డకట్టింది.

"నా కుండల ఆవంల మూడొద్దులు మంట పెట్టినా పెంకు పగులుతది గానీ గిట్ల ఉడకదు. గిది ఎన్నొద్దులు కాలిందిరా?" అని మామ అడిగాడు.

"కన్ను మూసి తెరిచినంత సేపు, కాకా."

మామ ఆ ముక్కను రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. దండం ఎవరికి పెట్టాడో ఆయనకే తెలియదు. నలభై ఏళ్లు నిప్పుతో బతికిన మనిషి, తనకు తెలిసిన నిప్పు అసలు నిప్పే కాదని ఆరోజు తెలుసుకున్నాడు. నాకు భయం కంటే ముందు వచ్చింది ఆశ్చర్యమే. అంతటిదాన్ని మనిషి చేశాడా అని.

ఆ తర్వాతి భాద్రపదంలో, అంటే పోలీసు చర్య జరిగిన ఏడాది, సూర్యాపేట అంగడి నుంచి ఒక మాట వచ్చింది. నిజాం మీదికి యూనియన్ సర్కారు విమానాలు వస్తున్నాయట, జపాను మీద వేసిన బాంబే హైదరాబాదు మీదా వేస్తారట. అది ఎవరి దగ్గరుంది, ఎక్కడి నుంచి తెస్తారు అని అడిగిన పుణ్యాత్ముడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. మాది కేతేపల్లి దగ్గర, హైదరాబాదు సడకు పక్క ఊరు. నా మొగుడు దళంతో అడవిలోకి పోయి ఐదు నెలలు. ఇంట్లో మామ, నేను, ఆరు నెలల నా బిడ్డ లీల.

ఆడవాళ్లమంతా చోటే మియా వాకిట్లో చేరాం. బిడ్డను చంకలో పెట్టుకుని మొదట అడిగింది నేనే.

"అన్నా, గది పడితే బతికే ఉపాయం ఏమన్న ఉన్నదా?"

అతను నా మొహం చూడలేదు, లీల మొహం చూశాడు. అది అతని గడ్డం పట్టుకోబోతోంది.

"ఉన్నది చెల్లె," అన్నాడు చివరికి. "భూమి కిందున్నోళ్లు బతికిండ్రు. నేలమాళిగల ఉండి బతికిన ఒక ఆడామె సంగతి ఆడనే విన్న."

ఆ ఒక్క ముక్కతో ఊరికి ప్రాణం లేచొచ్చింది. భూమి కింద జాగా అంటే మాకు దొర ధాన్యం దాచే పాతరే. దొర సంఘానికి భయపడి పట్నం పారిపోయాడు. ఎండాకాలంలో సంఘంవాళ్లు ఆ పాతర తవ్వి జొన్నలు ఊరికి పంచి, మళ్లీ బండ మూసి మట్టి మెత్తారు. రెండు నిలువుల లోతు. మూతి ఒక మనిషి దిగేంత, లోపల కడవలా విశాలం. అయినా ఊరంతా పట్టదు కదా. పాలు తాగే పిల్లలు, వాళ్ల తల్లులు, నడక రాని పిల్లలు దిగాలని పెద్దలు తేల్చారు. నేనూ లీలా ఆ లెక్కలో ఉన్నామని నేను లోపల్లోపల ఎంత సంతోషించానో! మామ పైనే ఉంటాడన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం, ఆ క్షణంలో నాకు నేనూ నా బిడ్డా తప్ప లోకం లేదు.

మూడోనాడు పొద్దున అంబలి తాగుతుంటే తూర్పున మోత మొదలైంది. మామ నా రెక్క పట్టుకుని దొర గడీ వెనక్కి ఈడ్చుకుపోయాడు. అప్పటికే మగవాళ్లు గడ్డపారలతో బండ లేపుతున్నారు. అది పక్కకు పడగానే నేను లీలను ఎత్తుకుని అందరికంటే ముందు మూతి దగ్గర కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాను.

"ఆగు బిడ్డా," అన్నాడు అంజన్న.

అంజన్న దొర పాతరలు తీసిన మనిషి. చిన్నప్పటి నుంచి వెట్టిలో అదే పని. ఏ పాతర తెరిచినా, జొన్నల నుంచి లేచే విషపు ఆవిరి ఉందేమోనని ముందు తాడు కట్టి బుడ్డి దీపం దించి చూడందే మనిషిని దిగనివ్వడు. ఆరోజు కూడా దీపం ముట్టిస్తున్నాడు. విమానం నెత్తి మీదికి వస్తుంటే ఈ ముసలాయన తీరిగ్గా వత్తి ఎగదోస్తున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది.

"జొన్నలే లేవు, ఆవిరి ఏడికెల్లి వస్తది? ముందుగాల నన్ను దించు!" అని అరిచాను.

అతను దీపం దించాడు. సగం దూరం పోయిందో లేదో, ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది. గాలికి ఆరిందన్నారు తల్లులు. మళ్లీ ముట్టించి దించాడు. మళ్లీ అక్కడే ఆరింది. అడుగున మిగిలిన జొన్నలు, గడ్డి వానకు తడిసి కుళ్లి ఉంటాయని మాకు ఒక్కరికీ తోచలేదు.

"దీపం బతకని జాగల మనిషి బతుకుతడా?" అని అంజన్న నన్ను భుజాలు పట్టి వెనక్కి లాగి, తానే మూతికి అడ్డంగా కూర్చున్నాడు. తల్లులు అతన్ని కొట్టారు, జుట్టు పట్టి గుంజారు. కదల్లేదు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మాకు కింద గొయ్యి, పైన విమానం. ఏం చెయ్యాలో చెప్పమని చోటే మియా కోసం చూశాను. అతను గోడవారన కూర్చుని ఉన్నాడు. పక్కన అతని భార్య అజ్మత్ బీ. కొడుకు అతని ఒళ్లో, చంటిది ఆమె ఒళ్లో. వాళ్లు పాతర వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

అప్పుడు వచ్చింది విమానం. దాని నీడ గడీ గోడ మీద నుంచి, మా తలల మీద నుంచి, చేన్ల మీద నుంచి పోయింది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. చచ్చేదాన్ని ఎట్లాగూ చస్తాను, చూసే చద్దామనుకున్నాను. ఎండలో తెల్లగా మెరుస్తూ, ఆకాశమంతా తనదే అన్నట్టు పోయింది. ఎంత బాగుందో! అది పట్నం దారి పట్టి కనుమరుగైంది. ఏదీ పడలేదు. మెల్లగా పిట్టలు మళ్లీ కూయడం మొదలుపెట్టాయి.

నేను లేచి చోటే మియా ముందు నిలబడ్డాను.

"నీ పిల్లల్ని పాతర కాడికి ఎందుకు తేలేదు?"

"గా నేలమాళిగ ఆమె పైకొచ్చింది చెల్లె," అన్నాడు తల దించుకునే. "వచ్చేసరికి ఊరు లేదు. ఏడ్వనీకి ఒక్క మనిషి లేడు. వెంట్రుకలన్ని ఊడి, నెల తిరగకముందే సచ్చిపోయిందట. గది పడితే దాక్కునే జాగా లేదు. ఎట్లయిన పోయేదే అయితే నా పిల్లలు నా ఒళ్లె ఉండాలె అనుకున్న."

"మరి మాకెందుకు ఉన్నదని చెప్పినవ్?"

"పిల్లను ఎత్తుకొని అడిగినవ్. లేదని ఎట్ల చెప్పాలె?"

చెయ్యెత్తాను. నిజంగానే కొట్టేదాన్ని, మామ పట్టుకోకపోతే. నా బిడ్డను చేతులారా గోతిలో దింపేదాన్ని కదా, ఇతని జాలి మాట నమ్మి. చాలా ఏళ్లు అతనితో మాట్లాడలేదు. అతను పోయిననాడు కూడా వాకిట్లో నిలబడి చూసి వచ్చాను, అంతే.

మొన్న ఎండాకాలం, రాజస్థాన్‌లో మనవాళ్లు అణుబాంబులు పేల్చారని టీవీలో చూపిస్తుంటే, లీల మనవరాలు పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో దూరింది. ఐదేళ్లది.

"అవ్వా, గది మన మీద పడితే మనం ఏడ దాక్కోవాలె?"

దాని మొహం చూశాను.

"మంచం కింద," అన్నాను.