అమావాస్య నాటి నీళ్లు

వరంగల్‌లోని ఆ నేతవాడలో తెల్లవారగానే ఆడవాళ్లు వాకిట్లో మురుగు పారే మోరీ కేసి చూస్తారు. ఎర్రనీళ్లు పారుతుంటే సమ్మయ్య షెడ్డుకు జంపఖానాల ఆర్డరు వచ్చిందని, ఆకుపచ్చ నీళ్లు పారుతుంటే రాజమౌళి నూలుకు రంగు అద్దుతున్నాడని ఇట్టే చెప్పేస్తారు. వరసగా నాలుగు రోజులు మోరీ తేటగా పారిందంటే మాత్రం అందరి ముఖాలూ వాడిపోతాయి. రంగు పారితేనే పని ఉన్నట్టు, పని ఉంటేనే పొయ్యి వెలిగినట్టు. ఆ రంగు ఎక్కడికి పోతుందని గానీ, బోరు నీళ్లతో తల పోసుకుంటే జుట్టు ఎందుకు అట్టకడుతోందని గానీ, తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే రోజు ఎప్పుడొచ్చిందని గానీ అక్కడ ఎవరూ అడగరు. అడగడం మొదలుపెడితే ఆ మాట తమ షెడ్ల ముందుకే వచ్చి ఆగుతుందని అందరికీ తెలుసు.

రాజమౌళికి అరవై దగ్గరపడ్డాయి. మూడు రాగి కాగులున్న చిన్న అద్దకం షెడ్డు అతనిది. తండ్రి నుంచి వచ్చింది. ఇరవై రెండు షెడ్ల సంఘానికి పెద్ద కూడా అతనే. అనుమానం అతనికి ఉగ్గుపాలతోనే అబ్బిందని భార్య సరస్వతి దెప్పుతూ ఉంటుంది. అయితే ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఐదేళ్ల కింద పక్కవాడకు ఎవరో వచ్చి సీసాల్లో మోరీ నీళ్లు పట్టుకుపోయారు. నెల తిరక్కుండానే రెండు షెడ్లకు కరెంటు కోశారు. ఆ షెడ్ల వాళ్లు ఇప్పుడు హనుమకొండలో ఆటోలు నడుపుతున్నారు. అప్పటి నుంచి సీసా కనిపిస్తే చాలు, రాజమౌళికి గుండె గుభేలుమంటుంది.

అలాంటిది, ఒక ఉదయం సొంత మేనకోడలే సంచిలో సీసాలు పెట్టుకుని షెడ్డుకు వచ్చింది. యమున హనుమకొండలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది.

"మామా, ఇది షెడ్లు మూయనీకి కాదు. వాడ చివర్ల సర్కారు జాగ ఉన్నది కదా, నాలుగెకరాలు, అక్కడ రంగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెడ్తరట. మీ అందరి నీళ్లు పైపులల్ల అక్కడికే పోతయ్. మీ సంఘం ఒప్పుకోవాలె, అంతే."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"పొల్యూషన్ ఆఫీసోళ్లే మా కాలేజీని అడిగిండ్రు, నీళ్లు పరీక్ష చేసి ఇయ్యిమని."

"గన్ని కాలేజీలుండంగ మీ కాలేజీనే ఎందుకడిగిండ్రు?"

"ఏమో మామా. కెమిస్ట్రీ చెప్పెటోళ్లు ఉన్నరని అడిగిండ్రు."

"గా కెమిస్ట్రీ చెప్పెటామె ఈ వాడ బిడ్డేనని గూడ వాళ్లకు ఎర్కే ఉంటది గదా!"

యమున నిట్టూర్చి ఒక కాగితాల కట్ట అతని చేతిలో పెట్టింది. "ఇండ్ల మొత్తం ఉన్నది. తెలుగులనే ఉన్నది. జర చదువు మామా." ఆమె వెళ్లగానే రాజమౌళి ఆ కట్టను రంగు సంచుల వెనకకు తోసేశాడు. చదివితే ఒప్పుకున్నట్టేనని అతని భయం. చూశారా ఆ మనిషి తెలివి!

అక్కడితో ఆగలేదు. మధ్యాహ్నానికల్లా మరో సంగతి బయటపడింది. అతని షెడ్డులోనే పనిచేసే యాకమ్మ, కాగులోని నీళ్లు సీసాలో పోసి యమునకు ఇచ్చిందట. రాజమౌళికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా ఉప్పు తినుకుంట నాకే గోతులు తవ్వుతున్నవా? రేపటి సంది పనికి రాకు."

యాకమ్మ తన రెండు చేతులూ చాపింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, గోళ్లు నల్లబడి ఉన్నాయి. "ఇరవై ఏండ్లాయె అన్నా, నీ కాగులల్ల చేతులు పెట్టవట్టి. ఇవి ఎందుకిట్లయినయో తెలుసుకోవాలనుకున్న. నీ షెడ్డు మూయిమని అన్ననా?" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అతను ఆ చేతుల వంక చూడనైనా చూడలేదు.

మూడో రోజు శ్యాంసుందర్ వచ్చాడు. ఆ వాడలో నూలు కండెలు చుట్టి పెరిగినవాడే, ఇప్పుడు కార్పొరేటర్. తెల్లచొక్కా నలుగుతుందని చూడకుండా నూలు మూట మీదే కూర్చున్నాడు. అదొక్కటి చాలు, రాజమౌళి మనసు కరిగిపోయింది.

"కాకా, జర పైలం. ప్లాంటు ప్లాంటు అంటరు. ముందుగాల మీ షెడ్లకు మీటర్లు పెడ్తరు, ఆనక తాళాలు పెడ్తరు. నేనుండంగ అట్ల కానియ్య. ఒక్కసారి పొల్యూషన్ ఆఫీసరు వచ్చి నీళ్లు మంచిగున్నయని రిపోర్టు ఇచ్చిండనుకో, ఇగ ఎవడూ మీ జోలికి రాడు."

"నీళ్లు మంచిగెట్లుంటయ్ బిడ్డా?"

"అది నువ్వే ఆలోచన చెయ్యి. పెద్దమనిషివి."

రాజమౌళి ఒక్క క్షణం ఆలోచించాడు. కళ్లు మెరిశాయి. "ఎల్లుండి అమాస! అమాస నాడు మనోళ్లు మగ్గం ముట్టరు, కాగు కింద నిప్పు పెట్టరు. గా దినం రమ్మను నీ ఆఫీసరును."

"నీ తెలివి ఎవలకుంటది కాకా!" అని శ్యాంసుందర్ అతని చేతులు పట్టుకున్నాడు.

అతను కారెక్కగానే సరస్వతి గడపలోకి వచ్చింది. "ఎలచ్చన్లు లేవు, ఏం లేవు. ఈనె ఎందుకొచ్చిండు?"

"నీకన్నీ అనుమానాలే," అన్నాడు రాజమౌళి. ఆ మాట అతని నోటి నుంచి రావడం విని సరస్వతి నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి పోయింది.

అమావాస్య నాడు జీపు వచ్చింది. ముందురోజే సంఘం వాళ్లు మోరీని రెండు ట్యాంకర్ల నీళ్లు పోసి కడిగించారు. ఆఫీసరు మోరీ చివర సీసా ముంచి ఎత్తితే నీళ్లు తేటగా ఉన్నాయి. జీపు బానెట్ మీద శ్యాంసుందర్ కాగితాలు పరిచాడు. సంఘం పెద్దగా సంతకం పెట్టాలన్నాడు. రాజమౌళి కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. పోయి తెచ్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. మేనకోడలిని గుచ్చిగుచ్చి అడిగిన, ఇరవై ఏళ్లుగా తన దగ్గర పనిచేసిన మనిషిని నిలదీసిన ఆ నోరు అప్పుడు పెగల్లేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు.

రిపోర్టు అనుకున్నట్టే వచ్చింది. వాడంతా మిఠాయి పంచుకున్నారు. యమున ఫోన్ చేస్తే రాజమౌళి, "ఏ పార్టోళ్లు పంపిండ్రే నిన్ను?" అని అడిగి పెట్టేశాడు.

వానాకాలం పోయింది. వాడ చివర నాలుగెకరాల చుట్టూ రేకులు పాతారు. వారం తర్వాత బోర్డు లేచింది. షాపింగ్ కాంప్లెక్స్ అట, కాంట్రాక్టు శ్యాంసుందర్ మనుషులదేనట. రాజమౌళికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టైంది గానీ, పోనీలే, మన షెడ్లయితే పదిలం అనుకున్నాడు. ఇంకో పది రోజులకు షెడ్డు తలుపుకు నోటీసు అంటించి ఉంది. మోరీ నీళ్లు పోయి కలిసే కాలువ కింది రైతులు, తమ వరి ఎర్రబడుతోందని ఫిర్యాదు చేశారు. కాలువలో తీసిన నీళ్లలో రంగు దొరికింది. శుద్ధి ఏర్పాటు లేని షెడ్లన్నీ ముప్పై రోజుల్లో మూసేయాలట. ఇరవై రెండు షెడ్లూ!

రాజమౌళి కాళ్లకు చెప్పులు కూడా లేకుండా శ్యాంసుందర్ ఇంటికి పరుగెత్తాడు.

"ఏందిది బిడ్డా? నేనున్ననంటివి గదా!"

శ్యాంసుందర్ ముఖంలో ఏ మార్పూ లేదు. "నేనేం చేస్త కాకా? కింది రైతులు ఊకుంటలేరు. శుద్ధి చేద్దామంటే ప్లాంటు లేకపాయె."

"ప్లాంటెందుకు లేకపాయె?"

"మాకక్కర లేదని మీ సంఘమే రాసిచ్చింది కదా." అతను ఫైలు తీసి జిరాక్స్ కాగితం ముందు పెట్టాడు. ఈసారి రాజమౌళి జేబులో కళ్లద్దాలున్నాయి. 'మా వాడ నీళ్లు శుభ్రంగా ఉన్నందున శుద్ధి కేంద్రం అవసరం లేదు. ఆ స్థలాన్ని ఇతర అవసరాలకు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు.' కింద తన సంతకం. మంచి గుండ్రటి చేతిరాత.

తల కొట్టేసినట్టైంది. అక్కడి నుంచి అతను ఇంటికి పోలేదు. సరాసరి యాకమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. "తప్పయింది చెల్లె," అన్నాడు. యాకమ్మ కూర్చోమని పీట వేసింది. పీట వేసిన ఆ చేతులను అతను అప్పుడు చూశాడు.

రంగు సంచుల వెనక పడి ఉన్న కాగితాల కట్టను ఆ సాయంత్రం దులిపి చదివాడు. మొదటి పేజీలోనే ఉంది. 'ప్లాంటు పూర్తయ్యే వరకు గానీ, ఆ తర్వాత గానీ ఏ షెడ్డునూ మూసివేయరాదు.' అతనికి ఏడుపొచ్చింది. మర్నాడు యమున దగ్గరికి పోయి ఆ కాగితాల మీద ఒక్కొక్క వాక్యం చూపించి రెండు గంటలు ప్రశ్నలడిగాడు. దీనికి పైసలెవలిస్తరు? ప్లాంటు చెడిపోతే ఎవలది జవాబుదారీ? నీకేం లాభం? యమున విసుక్కోలేదు. తెలిసింది చెప్పింది, తెలియనిది తెలియదంది.

చివరికి ఒక మాట అంది. "మామా, సోమవారం కలెక్టరాఫీసుల ఆ నోటీసు మీద విచారణ ఉన్నది. మా కాలేజీ పరీక్షల రంగున్నదని తేలినా, ఆఫీసరు రిపోర్టు చూసి దాన్ని పక్కకు పెట్టిండ్రు. ఆ రిపోర్టు తప్పని తేలితేనే ప్లాంటుకు జాగ తిరిగొస్తది. సంతకం పెట్టినోనివి, అది తప్పని చెప్పగలిగెటోనివి నువ్వొక్కనివే. కానీ చెప్తే నీ మీద కేసు కావచ్చు. అందరికన్న ముందు నీ షెడ్డుకే సీలు పడొచ్చు. మంచిగ ఆలోచన చేసుకో."

మూడు రాత్రులు అతనికి కంటి మీద కునుకు లేదు. ఊరుకుంటే ముప్పై రోజులైనా పని చేసుకోవచ్చు. నోరు విప్పితే తండ్రి ఇచ్చిన షెడ్డు రేపే పోతుంది.

సోమవారం హాలు నిండిపోయింది. ఒక పక్క కింది ఊళ్ల రైతులు, ఒక పక్క అద్దకం వాళ్లు, ముందు కుర్చీలో శ్యాంసుందర్. రాజమౌళి లేచి నిలబడ్డాడు.

"సారూ, గా మంచినీళ్ల రిపోర్టు అబద్ధం. రిపోర్టు మీద తారీకు చూడుండ్రి, క్యాలెండర్ చూడుండ్రి. గా దినం అమాస. అమాస నాడు కాగు కింద నిప్పు పెడ్తరా అని మా వాడల ఎవల్నన్న అడుగుండ్రి. మోరీ కడిగిచ్చింది మేమే. దినం చెప్పింది నేను, సంతకం పెట్టింది నేను. రేపు పొద్దుగాల నా షెడ్డుకు రాండ్రి. మల్ల నీళ్లు పట్టుండ్రి."

శ్యాంసుందర్ లేచాడు. "సార్, ఈనెతోని ఎవరో మాట్లాడిపిస్తున్నరు!"

"అప్పుడు మాట్లాడిపిచ్చింది నువ్వు," అన్నాడు రాజమౌళి. హాలంతా గొల్లున నవ్వింది. విచారణ అధికారి క్యాలెండర్ తెప్పించి చూశాడు. తర్వాత పాత రిపోర్టును పక్కన పెట్టి, కొత్తగా నీళ్లు తీయాలని, అది తేలేదాకా నాలుగెకరాల్లో ఇటుక మీద ఇటుక పెట్టరాదని రాసుకున్నాడు.

మర్నాడు నీళ్లు తీశారు. మూడో రోజు రాజమౌళి షెడ్డుకు సీలు వేశారు. నోటీసు గడువు ఇంకా తీరలేదు గనుక మిగతా ఇరవై ఒక్కటీ నడుస్తూనే ఉన్నాయి. ప్లాంటు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోతోందని మాత్రం యమున చెబుతోంది.

సీలు వేసిన తలుపు ముందు వాడ జనం గుమిగూడారు. సమ్మయ్య ఊరుకోలేకపోయాడు. "అన్నా, చేతులార ముంచుకుంటివి గదనే! మమ్ముల గూడ ముంచుతవేమో! గా యమున మాట నమ్మి గింత పని చేస్తివా?"

"యమున మాట నేను నమ్మలేదు తమ్మీ, రెండు గంటలు అడిగిన," అన్నాడు రాజమౌళి. "నమ్మింది శ్యాంసుందర్‌ను. ఎందుకు నమ్మిన? నాకు నచ్చిన మాట చెప్పిండు గనుక. ఏం చెయ్యనక్కర లేదు, మీ నీళ్లు మంచియే అని ఎవడన్న అన్నడనుకో, గా మాట మన చెవులకు కమ్మగుంటది. గక్కడే మోసపోతం. ఇగ మీదట ఎవలొచ్చినా సరే, మనం వినాలనుకున్న మాట చెప్పెటోన్నే అందరికన్న ముందు అడుగుండ్రి, దీంతోని నీకేం లాభమని."