ఏడు కాటీల సీసం

కొడుకు కవిరాజ్ పోయాక అతని బట్టలు పంచిపెట్టింది, బూట్లు ఎవరికో ఇచ్చేసింది కన్నమ్మ. ముట్టుకోనిది ఒక్కటే: సముద్రంలో మునిగేటప్పుడు గాలి సిలిండరును వీపుకి కట్టుకునే హార్నెస్. ప్రయాణాలకు వీలుగా ఉంటుందని కొనుక్కున్నాడు; మడిస్తే తలగడంత కూడా ఉండదు. కొడుకు పోయింది రోడ్డు మీద, మోటారు సైకిలు మీద. అయినా ఆ నల్ల పట్టీలు కంటపడితే చాలు, ఆమెకు ఒళ్ళు జలదరించేది.

ఇప్పుడవి కూతురి భుజాల మీద ఉన్నాయి. మలేసియాలోని తియోమాన్ దీవికి అవతల, చిన్న పడవలో, ఆమె ఎదురుగానే సుగంధి వాటిని బిగించుకుంటోంది. అన్న చూసిన పగడాల గుట్ట తానూ చూడాలని, సైబర్‌జయలో ఉద్యోగం చేసుకుంటూనే డైవింగ్ నేర్చుకుంది. వద్దనడానికి కన్నమ్మకు నోరు రాలేదు. ఒంటరిగా పంపడానికి మనసు రాలేదు. మిగిలింది ఈ ఒక్క పిల్ల.

పొద్దున టీ తాగుతుంటే సుగంధి అడిగింది, అన్న ఎంత సీసం పెట్టుకునేవాడని. ఒళ్ళూ, ఒంటి మీది రబ్బరు సూటూ నీళ్ళలో తేలిపోతాయి కాబట్టి, మునగాలంటే హార్నెస్‌కి రెండు పక్కలా ఉన్న సంచుల్లో సీసం బిళ్ళలు వేసుకోవాలి. కన్నమ్మ గ్లాసు మీంచి చూపు ఎత్తకుండానే "ఏడు" అంది. ఆ అంకె ఆమెకు బాగా గుర్తు.

సుగంధి తనలో తాను లెక్క చూసుకుంది. నేర్చుకునేటప్పుడు హార్నెస్ బదులు అద్దెకు తెచ్చిన దళసరి జాకెట్‌తో అయిదు కిలోలు పెట్టుకునేది. ఇది తేలికది. తేలికదంటే ఇంకా తేలుతుంది కదా, ఇంకో రెండు పడితే సరే అనుకుంది. జాకెట్‌ను పైకి లేపేది దాని మెత్తలేనని, మెత్తలు లేని ఈ పట్టీలకు సీసం తగ్గాలని తోచలేదు. దారి చూపడానికి వచ్చిన రవిచంద్రన్ కవిరాజ్‌కి స్నేహితుడు. సీసం సరిచూశావా అని అతను అడిగితే, "అన్న లెక్కే" అంది. ఆ మాట విన్నాక అతను మరేమీ అడగలేకపోయాడు.

కన్నమ్మ ముఖం చూసి రవిచంద్రన్ నవ్వించబోయాడు. "ఆంటీ, మీరూ దిగిపోండి లా. మీకు సీసం కూడా అక్కర్లేదు."

"కొవ్వు తేలుద్ది రవి. అమ్మకే ఎక్కువ కట్టాల," అంది సుగంధి.

కన్నమ్మ నవ్వలేదు. పడవ అంచుని గట్టిగా పట్టుకుంది.

ఇద్దరూ వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డారు. ముందు పైనే కాసేపు తేలి, హార్నెస్ వెనక తిత్తిలోని గాలి కొంచెం కొంచెంగా వదులుతూ నెమ్మదిగా దిగాలని రవిచంద్రన్ చెప్పే ఉన్నాడు. అతను ఇంకా కళ్ళద్దం సర్దుకుంటున్నాడు. సుగంధి గాలి వదిలింది. ఆమె తల దిగలేదు, మాయమైంది. మరుక్షణం రవిచంద్రన్ కాళ్ళు పైకి లేచాయి, ఆమె వెనకే తలకిందులుగా మునిగి అతనూ మాయమయ్యాడు.

పడవ నడిపే ముసలాయన పాక్ సమద్ నీళ్ళ వైపు చూసి, "బెరాత్" అన్నాడు. బరువు ఎక్కువైందని. ఎందుకైందో తెలీదు, ఏడూ తన చేత్తోనే లెక్కపెట్టి ఇచ్చానన్నాడు.

"ఏడు కాటీలే కదా?" అని మలయ్ భాషలో అడిగింది కన్నమ్మ.

ఈ రోజుల్లో కాటీలతో తూచేదెవరు, ఏడు కిలోలు అన్నాడాయన.

కన్నమ్మ సుంగై సుమున్ తోటలో పెరిగిన మనిషి. చేపలైనా, ఎండు కొబ్బరైనా కాటీలతోనే తూచిన కాలం ఆమెది. కాటీ అంటే అర కిలో మీద కాస్త. కవిరాజ్ ఒకసారి వంటింట్లో ఆమె రెండు అరచేతుల్లోనూ సీసం సంచులు పెట్టి, "కిలోలంటే నీకు అర్థం కాదు గానీ, నీ లెక్కలో సెప్తాను ఉండు, ఏడు కాటీలు" అని ఏడిపించాడు. వాడి లెక్కలో అది నాలుగు కిలోలు. ఆ సంచులు పొద్దున ఒక్కసారి చేతిలోకి తీసుకున్నా ఆమెకు తెలిసిపోయేది. ముట్టుకోలేదు.

పాక్ సమద్ రెంచీ తీసి, నీళ్ళలోకి దించిన ఇనుప నిచ్చెన మీద కొట్టసాగాడు. ఆ మోత కిందిదాకా వినిపిస్తుందట, పైకి రమ్మని గుర్తు. గుట్ట చివర లోతు చాలా ఉంటుందా అని కన్నమ్మ అడిగింది. ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు.

బుడగలు రెండు చోట్ల లేస్తున్నాయి. ఒకటి దూరంగా జరిగింది. తరువాత అది కనిపించలేదు. కన్నమ్మ దేవుణ్ణి పిలవలేకపోయింది. ఏ పేరు పలకబోయినా కొడుకు పేరే నోటికొచ్చింది. ఆ పేరు ఈ నీళ్ళ మీద అనకూడదని పళ్ళు బిగబట్టింది.

మళ్ళీ బుడగలు. ఈసారి ఒకే చోట, గుంపుగా.

రవిచంద్రన్ తల ముందు లేచింది. అతని పిడికిట్లో నల్ల పట్టీ, పట్టీకి సుగంధి. ఆమె దగ్గుతోంది. దగ్గుతోందంటే ఊపిరి ఉంది.

పడవలోకి లాగాక రవిచంద్రన్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గుట్ట అంచు దాటి కిందికి పడిపోతోందట. తిత్తిలోకి గాలి నింపే మీట ఎక్కడుందో చేతికి దొరక్క తడుముకుంటోందట. ఒక పక్క సంచి లాగి వదిలేశాడు. రెండోది ఉండనిచ్చాడు, అదీ తీస్తే ఒక్కసారిగా పైకి ఎగిరి ఊపిరితిత్తులు చెడతాయని. గుచ్చి అడగాల్సింది, అడగలేదు అని తల దించుకున్నాడు.

సుగంధి చెవి నుంచి సన్నగా నెత్తురు కారుతోంది. "ఏడు అన్నావు కదమ్మా," అంది.

"ఏడు కాటీలమ్మా. నాను సెప్పింది కాటీలు."

సుగంధి చెవి తుడుచుకుంది.

"కాటీ అంటే ఏటి?"

కన్నమ్మ వంగి కూతురి నడుము దగ్గర మిగిలిన సీసం సంచిని పట్టుకుంది. బరువు చూసింది. ఆ ఒక్కటే, దాదాపు ఆనాడు కొడుకు రెండు చేతుల్లో పెట్టినంత ఉంది. ఒక్కో పట్టీ విప్పి, హార్నెస్‌ను కూతురి ఒంటి మీంచి తీసి, తడి తడిగానే తన ఒళ్ళో పెట్టుకుంది. ఒడ్డు చేరేదాకా దించలేదు.