తనిఖీకి కట్టిన వంతెన

మానవ నాగరికతకు నిప్పు, చక్రం, అక్షరం చేసిన మేలును పండితులు వేనోళ్ళ కొనియాడతారు. బురద చేసిన సేవను మాత్రం ఒక్కరూ స్మరించరు. ఆ కృతఘ్నతను కొంతైనా సరిదిద్దడానికే ఈ కథ.

ఆ ఊరిని ఒక వాగు రెండుగా చీల్చింది. ఇవతలి గట్టున బడి, ఆరోగ్య కేంద్రం, అభివృద్ధి సంఘం కార్యాలయం. అవతలి గట్టున కొన్ని ఇళ్ళు, వాటిలో దర్జీ ఇల్లు, ఆ ఇంట్లో నెలలు నిండిన కోడలు. వాన పడితే వాగులో నీళ్ళు నడుముదాకా, పడకపోతే బురద మోకాలిదాకా. రెండేళ్ళ కిందటి వానాకాలంలో నర్సమ్మ మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని దాటుతూ జారిపడింది. పెట్టె కొట్టుకుపోయింది. ఆమె తడిబట్టలతో చేరేసరికే ఓ పసిగుడ్డు కళ్ళు తెరవకుండానే వెళ్ళిపోయింది. అది దర్జీ కోడలి మొదటి కాన్పు.

ఊరు కదిలిపోయింది. సంఘం అధ్యక్షులైన రిటైర్డు మాస్టారు మరింత కదిలిపోయి, పల్లెల్లో చిన్న పనులకిచ్చే గ్రాంటు కోసం దరఖాస్తు రాయడానికి పూనుకున్నారు. ఆ మహోద్యమం నేటికీ సాగుతూనే ఉంది. మొదటిసారి అందులో కవిత్వం ఎక్కువైందనీ, రెండోసారి కొలతలు తక్కువయ్యాయనీ తిరిగివచ్చింది.

“మాస్టారూ, ఇంకా ఎన్నాళ్ళండీ?” నర్సమ్మ కార్యాలయం గుమ్మంలోనే అటూ ఇటూ తిరుగుతూ అడిగింది. “ఆ పిల్ల కడుపులో ఉన్నది మీ కామాల కోసం, ఫుల్‌స్టాపుల కోసం ఆగదు.”

“కంగారు పడకమ్మా. ఈసారి ఉపోద్ఘాతం అద్భుతంగా కుదిరింది.”

కుదిరినట్టే ఉంది. దరఖాస్తు పంపిన కొద్దిరోజులకే, మర్నాడు మధ్యాహ్నం గ్రాంటు అధికారి స్వయంగా పరిశీలనకు వస్తున్నారని కబురొచ్చింది. వెంటనే సంఘం సమావేశమైంది. అందరూ సంబరపడుతుండగా వడ్రంగి ఒక పిడుగులాంటి ప్రశ్న వేశాడు.

“అవతలి గట్టు చూస్తానంటే ఆయన్ని ఎలా దాటిస్తాం?”

సభ స్తంభించింది. అంతటి పెద్దమనిషి ప్యాంటు మడుచుకుని బురదలో దిగడమా! ఊరి పరువేం కాను?

“నా భుజాల మీద ఎక్కించుకుంటా” అన్నాడు దర్జీ.

“నీ భుజం మీద టేపే నిలవదు కదా బావా, ఆఫీసరేం నిలుస్తాడు?” అన్నాడు వడ్రంగి.

తెల్లవారేసరికి ఊరంతా వాగు దగ్గరే ఉంది. వడ్రంగి పశువుల కొట్టానికని దాచుకున్న దూలాలు మోయించుకొచ్చాడు. మాస్టారు బడిలోని విరిగిన బల్లల చెక్కలు తెప్పించారు. దర్జీ భార్య పట్టుకుని నడవడానికి మోకు కట్టించింది. భోజనాల వేళకు వాగు మీద వంతెన వెలసింది. దర్జీ కోడలు అవతలి గట్టున నడుం పట్టుకుని నిలబడి అంతా చూసింది.

అధికారిగారు విచ్చేశారు. వంతెన మీద అటు వెళ్ళి, ఇటు వచ్చి, కాలితో తట్టి చూశారు.

“గట్టిగానే ఉంది. ఇంతకీ మీకు వంతెన ఎక్కడ కావాలి?”

“ఇక్కడేనండీ” అన్నారు మాస్టారు.

“ఇక్కడ ఉందిగా?”

“ఇది ఊరికోసం కాదండీ. మీకోసం.”

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మనిషి మంచివారే. “లేనిదానికే గ్రాంటు ఇస్తారు, మాస్టారూ. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదని నేనెలా రాయను? దీన్ని తీసేసి వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోండి. సిమెంటుదే రావచ్చు.”

మాస్టారి కళ్ళు మెరిశాయి. “ఒరేయ్, విప్పరా!”

వడ్రంగి మొదటి చెక్క ఊడబెరికాడు. రెండోదాని మీద చెయ్యి వేశాడో లేదో, అవతలి గట్టు నుంచి దర్జీ కేక వినిపించింది. “నర్సమ్మా! కోడలికి నొప్పులు మొదలయ్యాయి!”

నర్సమ్మ పరుగున వచ్చి వంతెన మీదికెక్కి నిలబడింది. “ఆ చెక్క ఎక్కడిదక్కడ పెట్టు.”

“అది కాదమ్మా, సిమెంటు వంతెన...” మాస్టారు నసిగారు.

“ఇన్నేళ్ళూ నేను ఈ వాగులో పడుతూ లేస్తూ తిరిగితే ఒక్క చెక్క దొరకలేదు మాస్టారూ! ఆ పిల్ల బిడ్డ పోతే అందరం ఏడ్చాం, కళ్ళు తుడుచుకుని దరఖాస్తు రాసుకున్నాం. ఈయనగారి కాళ్ళకి బురదంటుతుందనేసరికి ఒక్క పూటలో దూలాలొచ్చాయి, మేకులొచ్చాయి, మనుషులొచ్చారు. గ్రాంటు అడగండి, అది మన హక్కు. కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోమని ఎవరు చెప్పారు? పైవాళ్ళకి చేసిన మర్యాదలో సగం మనవాళ్ళకి చేసి ఉంటే, ఆ బిడ్డ ఈపాటికి దీనిమీద బుడిబుడి అడుగులు వేస్తుండేది.”

వడ్రంగి వంగి చెక్కను తిరిగి బిగించాడు. నర్సమ్మ పొడి కాళ్ళతో వాగు దాటి వెళ్ళిపోయింది.

అధికారి తన నివేదికలో ‘వంతెన కలదు’ అని రాసి బయలుదేరేసరికి పొద్దువాలింది. అవతలి గట్టు నుంచి చంటిబిడ్డ ఏడుపు సన్నగా వినవచ్చింది. మాస్టారు తల వంచుకుని ఆయన సంచి మోసుకెళ్ళి, జీపు వెనక తలుపు తీశారు.

సీటు కింద, ఎండిన బురదతో, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు ఉన్నాయి.