మూడో సెట్టు

మంచి ముహూర్తమున్న రోజంటే సిరిసిల్లలో మా ఆపరేషన్ థియేటర్‌కు గండమే. కడుపు కోసి బిడ్డను తీసే గడియ కూడా పంతులే చెప్పాలి. మా దగ్గరున్నవేమో మూడే సెట్ల కత్తులూ కత్తెరలూ. వాడినవాటిని కడిగి, గుడ్డలో చుట్టి, ఆటోక్లేవ్ మిషన్‌లో ఆవిరి పట్టించి, ఆరేదాకా ముట్టుకోవడానికి లేదు. ఈ సంగతి పంతుళ్లకు ఎవరు చెప్పాలి?

ఆ రోజు రెండు సెట్లు అప్పటికే మిషన్‌లో ఉన్నాయి. మూడోది గంభీరావుపేట సత్తవ్వ కోడలు రచన కోసం ఉంచాను. సత్తవ్వ పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేస్తోంది.

"సిస్టరమ్మా, పన్నెండు దాటితె గడియ పోతది, యాదుంచుకో."

"నన్ను జర పని చేసుకోనియ్యవ్వా!" అని కసిరాను.

రచనను లోపలికి తీసుకెళ్లబోతుండగా తంగళ్ళపల్లి నుంచి లుబ్నాను తెచ్చారు. నిండు గర్భిణి, రక్తం ఆగడం లేదు. వెంట తల్లి జులేఖాబీ. డాక్టరమ్మ ఒక్కసారి చూసి, "ఈమెనే ముందుగాల. గా సెట్టు తియ్యి. ఆళ్లకు నువ్వే చెప్పు" అన్నది.

సత్తవ్వ తలుపుకు అడ్డం నిలబడి లొల్లి పెడితే లుబ్నా దక్కదు. భయపడుతూనే చెప్పాను. సత్తవ్వ లుబ్నా స్ట్రెచర్ వైపు చూసింది.

"నా కోడలు గిప్పుడు కనాలెనని పంతులు చెప్పిండు. గా పిల్ల గిప్పుడు పోవాలెనని ఎవలు చెప్పిండ్రు? జల్ది పో!"

రచన పడుకున్న స్ట్రెచర్‌ను సత్తవ్వ తనే గోడవారకు నెట్టింది.

లుబ్నాకు ఆడపిల్ల. తల్లీపిల్లా ఇద్దరూ దక్కారు. జులేఖాబీ మనవరాలిని ఎత్తుకొచ్చి సత్తవ్వ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మీ కోడలి కాన్పు అయ్యేదాంక నేను ఏడికి పోనక్కా."

సత్తవ్వ పంతులుకు ఫోన్ కలిపింది. "అయ్యగారూ, మిషన్ల సామాను రెండు గంటలకు ఆరుతదట. గప్పటికి ఒక మంచి గడియ చూడున్రి." మా మిషన్‌ను బట్టి ముహూర్తం పెట్టించిన మనిషిని నేను ఈమెనే చూశాను. నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి.

సెట్టు ఆరగానే రచనను లోపలికి తీసుకున్నాం. బిడ్డ పుట్టగానే టైం చూసుకుని బయటికి పరుగెత్తాను. పుట్టిన గడియ చెప్పబోతే సత్తవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది తర్వాత చెప్పు. నా కోడలు మంచిగున్నదా?"

"మంచిగున్నదవ్వా. ఇద్దరూ మంచిగున్నరు."

ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఇన్నేళ్ల నౌకరీలో డాక్టర్లకు దండం పెట్టినవాళ్లను ఎంతోమందిని చూశాను. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషికి నేను దండం పెట్టడం మాత్రం అదే మొదటిసారి.