కోడలి ఫైలులో ఒక వాక్యం

మా కోడలు అబద్ధం చెప్పదు. చెప్పడం రాక కాదు, చెప్పదంతే. పన్నెండేళ్లు వాళ్లవీ వీళ్లవీ బండ్లు నడిపింది. ఎక్కడైనా గీత పడితే "నా చేతిలోనే పడిందండీ" అని తనే వెళ్లి యజమానికి చూపించే రకం. అలాంటి మనిషి మీద ఒక కారు సర్వీసు సెంటరు వాళ్లు "కస్టమర్ తప్పుడు సమాచారం ఇచ్చారు" అని ఫైలులో రాశారు. వాళ్లు అలా రాయడానికి కారణం నేను. కాబట్టి ఈ సంగతి నేనే చెప్పడం న్యాయం.

ముందు నా గురించి. నూలు మిల్లులో ఇరవై ఏడేళ్లు చేశాను. ఊడ్చే పనికి చేరాను, కదుళ్ల దగ్గరికి మారాను, చివరికి మరమ్మతు గ్యాంగులో తేలాను. ఏ మిషన్లో ఏ బేరింగు పోబోతోందో అది పోకముందే చెప్పేదాన్ని మరి. మొదట్లో ఫిట్టర్లు నవ్వారు. తరువాత "అక్కా, ఒక్కసారి ఇటు రా" అనడం నేర్చుకున్నారు. పింఛనుతో పాటు మిల్లు నాకు ఇంకొకటి కూడా ఇచ్చి పంపింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయ్యో పాపం అంటారు. ఆ మాట నా ఒంటికి పడదు.

ఇన్నాళ్లకు కోడలు సొంతంగా కొత్త కారు కొంది. మా అబ్బాయి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి "బాగుంది" అన్నాడు. వాడి మటుకు వాడికి అదే పెద్ద ఉపన్యాసం. కిడ్నీ క్లినిక్కుకి వెళ్లే రోగుల్ని వారానికి మూడుసార్లు ఇళ్ల నుంచి తీసుకెళ్లి మళ్లీ దింపే పని కోడలికి ఖాయమైంది. సోమవారం సంతకాలు. క్లినిక్కు వాళ్ల షరతు ఒక్కటే, బండి సర్వీసు ఫైలు శుభ్రంగా ఉండాలి. నడవలేని మనుషుల్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి కదా, అందులో తప్పేం లేదు.

కొన్న మూడోవారంలో, ఆ సంతకాలకి వారం ముందు, చప్పుడు మొదలైంది. పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేయగానే ఇంజిన్ ఒక పక్క నుంచి గరగరమంటుంది. ఒక నిమిషం అలా గీపెట్టి, ఆ తరువాత ఏమీ ఎరగని నంగనాచిలా ఊరుకుంటుంది. కోడలు చెవితో వింది. నేను పాదాల కింద, డాష్‌బోర్డు మీద ఆనించిన అరచేతిలో విన్నాను.

"బేరింగే," అన్నాను.

"ఏ బేరింగు అత్తయ్యా?"

"పట్టుకుని చూస్తే గానీ తెలీదు."

"అమ్మో, మీరు పట్టుకోకండి. వారంటీ ఉంది. వాళ్లే చూస్తారు."

చూశారు, బ్రహ్మాండంగా చూశారు. కొనేముందు వాకిలి దాకా ఎదురొచ్చి కాఫీ చేతిలో పెట్టినవాళ్లు, ఇప్పుడు గంటన్నర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు. చివరికి మెడకు టై బిగించుకున్న అడ్వైజరొకడు వచ్చాడు. వాడికి నేను అప్పటికప్పుడే టైబాబు అని పేరు పెట్టుకున్నాను. ఇంజిన్ స్టార్టు చేయించాడు. ముప్పావుగంట ట్రాఫిక్‌లో నడిచి, ఒళ్లంతా వేడెక్కి వచ్చిన బండి. చప్పుడెందుకు చేస్తుంది?

"ఏం లేదమ్మా. కంప్యూటర్‌లో ఒక్క లోపం కూడా చూపించట్లేదు. ఈ మోడల్ క్యారెక్టరే అంత," అన్నాడు.

"నెల తిరగని బండికి అప్పుడే క్యారెక్టరేమిటి నాయనా?" అన్నాను. కోడలు నా మోచెయ్యి గిల్లింది. ఇంటికి వచ్చేశాం.

మర్నాడు నేనొక పని చేశాను. మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి రంగుతో ఒక గీత గీస్తాం. బోల్టు వదులై ఇసుమంత తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. అదురుకి ఏదైనా బోల్టు వదులవుతోందేమో చూద్దామని, కోడలు కాగితాల పని మీద బస్సులో క్లినిక్కుకి వెళ్లిన పూట బానెట్ ఎత్తి, తన ఎర్ర గోళ్లరంగుతోనే నాలుగు బోల్టులకి గీతలు పెట్టాను. ఒక్క బోల్టు కూడా విప్పలేదు. చెబితే నవ్వుతుందని కోడలికి చెప్పలేదు. మిల్లు మానేసినా మిల్లు బుద్ధులు పోలేదు నాకు.

గురువారం బండిని మళ్లీ తీసుకెళ్లాం. ఈసారి బానెట్ ఎత్తిన మెకానిక్కు ఆ గీతలు చూశాడు, టైబాబుని పిలిచాడు. టైబాబు ముఖం వెలిగిపోయింది.

"బయట ఎక్కడో ఇంజిన్ విప్పించారమ్మా. ఇవి బయటి మెకానిక్కుల గుర్తులు. ఇంక వారంటీ వర్తించదు."

"ఎవరూ విప్పలేదు. నాకు తెలిసి నేను తప్ప ఈ బానెట్ ఎవరూ ఎత్తలేదు. నా మాట నమ్మండి," అంది కోడలు. అని నా వైపు తిరిగింది. "అత్తయ్యా, నేను లేనప్పుడు ఎవరైనా ముట్టుకున్నారా?"

చుట్టూ పదిమంది. ఊడ్చే మనిషి దగ్గర నుంచి గ్యాంగులోకి ఎక్కినదాన్ని, పరాయి వర్క్‌షాపులో నిలబడి "నా తెలివితక్కువ పనే బాబూ" అనడానికి నాలుక లేవలేదు. ఏం చేశానో చెప్పాలంటే సిగ్గేస్తోంది. వినపడనట్టు నటించాను. తను నిలబడింది నా కుడిపక్కన, మంచి చెవి వైపు. అయినా గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

టైబాబు టకటకా టైపు చేసి కాగితం తీశాడు. కస్టమర్ తప్పుడు సమాచారం ఇచ్చారు, వారంటీ రద్దు. కోడలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. సంతకం పెట్టలేదు.

ఇంటికి రాగానే చెప్పేశాను. కూర్చోకుండా, చెప్పులు కూడా విప్పకుండా చెప్పాను.

కోడలు నా వంక చూసింది. "అక్కడే చెప్పుంటే సరిపోయేది కదా అత్తయ్యా! పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేశారు!" అని అరిచింది. పెళ్లయి వచ్చాక అరవడం అదే మొదటిసారి. అరవాల్సిందే, తక్కువే అరిచింది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమింది. ఆ తోముడు నా చెవిటి చెవికి కూడా వినపడింది.

కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"బండిని ఈ సాయంత్రమే అక్కడ పెట్టేసి వద్దాం. తెల్లారేసరికి చల్లారిపోతుంది కాబట్టి వాళ్ల ముందే చప్పుడు చేస్తుంది. ఏది పోయిందో మీరు చెప్పాలి, విప్పకుండా."

"నా వల్ల కాదే. నాకు..." ఆగిపోయాను. తరువాత అదీ చెప్పేశాను. "నాకు ఎడమ చెవి లేదే."

"తెలుసు. ఆరేళ్ల నుంచీ మీ కుడిపక్కనే ఎందుకు నడుస్తున్నాననుకున్నారు?"

నీళ్లు తాగుతానని లేచి వెళ్లి, వంటింట్లో కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు వాళ్లు షట్టరు ఎత్తేసరికి ఇద్దరం అక్కడున్నాం. కోడలు టైబాబుతో మాట్లాడలేదు. లోపలికి వెళ్లి, తల నెరిసిన హెడ్ మెకానిక్కుని పిలుచుకొచ్చింది. నేను ముందుకెళ్లి, పనివాళ్లంతా వింటుండగా చెప్పాను. "గీతలు పెట్టింది నేను. విప్పలేదు. నిన్న అడిగినప్పుడు నోరు మూసుకున్నది కూడా నేనే. మా కోడలికి ఏమీ తెలియదు."

టైబాబు నవ్వాడు. "కోడల్ని కాపాడుకోవడానికి బాగానే చెబుతున్నారమ్మా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడితో ఏం వాదిస్తాం? కోడలు వాదించలేదు. నిన్నటి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మా అత్తయ్య ఏదీ విప్పకుండా, ఏ భాగం పోయిందో చెబుతారు. తప్పయితే ఈ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతాను. వారంటీ మాట మళ్లీ ఎత్తను."

ఆ సంతకం పడితే సోమవారం పని పోయినట్టే, పన్నెండేళ్ల మంచిపేరు పోయినట్టే. అదంతా తీసుకొచ్చి ఒక్క చెవి ముసలిదాని మీద పెట్టింది.

జుట్టు గట్టిగా ముడేసుకున్నాను. తిరిగే బెల్టుకి పెద్దా చిన్నా తేడా లేదు. హెడ్ మెకానిక్కుని అడిగి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకున్నాను, కర్ర పిడిది. కోడలు స్టార్టు చేసింది. గరగర మొదలైంది. నాకున్నది ఒక్క నిమిషం.

అందరు ఫిట్టర్లలా పిడిని చెవికి పెట్టుకోలేదు. మిల్లులో చెవులు పోయినవాళ్లం ఎలా చేసేవాళ్లమో అలాగే చేశాను. కొసని ఇంజిన్‌కి ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకున్నాను. చప్పుడు దవడ ఎముకలోంచి వస్తుంది. కరెంటు తయారుచేసే డబ్బా మీద పెట్టాను, నున్నగా ఉంది. నీళ్ల పంపు మీద పెట్టాను, అదీ నున్నగానే ఉంది. బెల్టుని బిగించి పట్టుకునే చిన్న చక్రం ఉంటుంది. దాని నడిమి బోల్టు మీద ఆనించాను. అన్నంలో ఇసుక తగిలినట్టు పళ్లు జివ్వుమన్నాయి. మళ్లీ పంపు దగ్గరికి వెళ్లి చూసి, మళ్లీ చక్రం దగ్గరికి వచ్చాను. ఇసుకే.

"ఇదీ," అన్నాను. "లోపల గ్రీజు లేదు."

అనడమూ చప్పుడు ఆగడమూ ఒకటే అయ్యాయి. "ఆగిపోయిందిగా, ఇంకేముంది?" అన్నాడు టైబాబు. హెడ్ మెకానిక్కు అతని మాట వినిపించుకోలేదు. ఇంజిన్ ఆపించి, ఆ చక్రం బోల్టు మీద ఉన్న నా ఎర్ర గీతని థిన్నరు గుడ్డతో మెల్లగా తుడిచాడు. కింద సన్నటి పసుపు గీత బయటపడింది, రంగు పూసేటప్పుడు నా ముసలి కళ్లకి ఆనలేదు అది. వంగి చూసి, మిగతా మూడూ తుడిచాడు. అన్నింటి కిందా పసుపే, ఎక్కడా తెగలేదు.

"ఇది ఫ్యాక్టరీలో పెట్టిన గీత. ఈ బోల్టులు ఫ్యాక్టరీలో బిగించాక ఒక్కసారి కూడా తిరగలేదు. ఎర్రరంగు చూసి అక్కడే ఆగిపోయారు మావాళ్లు," అన్నాడు.

తరువాత బెల్టు తప్పించి, చక్రం ఊడదీసి, వేలు పెట్టి తిప్పాడు. అది గరగరమంది. ఒక పక్క సీలు సరిగా కూర్చోలేదు, గ్రీజంతా ఎండిపోయి ఉంది. దాన్ని టైబాబు చేతిలో పెట్టాడు. టైబాబు తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. పాపం, టై వదులు చేసుకున్నాడు.

కోడలు నా వైపు చూసింది. ఆ చూపు గురించి నేనేం చెప్పను! మిల్లులో ఇరవై ఏడేళ్లలో నా వైపు ఎవరూ అలా చూడలేదు. గర్వంతో నా గుండె నిండిపోయింది, దాచుకోవడం దేనికి?

"సరేనమ్మా, కంపెనీ తరఫున మర్యాద కొద్దీ కొత్తది వేసి ఇస్తాం," అన్నాడు టైబాబు.

"థ్యాంక్సండీ," అంది కోడలు. రాత్రంతా నిద్రలేని ముఖం. "పదండి అత్తయ్యా, ఇంక చాలు."

"చాలదు," అన్నాను. అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. "మీ మర్యాద మాకక్కర్లేదు. మా కోడలు అబద్ధం చెప్పిందని రాశారు, అది తీసేయండి."

"కంప్యూటర్‌లోకి ఎక్కింది తీయడం కుదరదమ్మా."

"అయితే నేను లేవడం కూడా కుదరదు."

"అత్తయ్యా, పోనిద్దురూ..."

"నువ్వూరుకో. నిన్న మాట్లాడాల్సిన చోట మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడనీ."

హెడ్ మెకానిక్కు నవ్వుతూ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "తీయలేం గానీ, దాన్ని కొట్టివేస్తున్నట్టు కింద రాసి ముద్ర వేయొచ్చు. ఫైలు ఎవరు తీసినా ముందు అదే కనిపిస్తుంది. చెప్పండమ్మా, ఏం రాయమంటారు?"

నేను చెప్పాను. ఆయన రెండు వేళ్లతో టైపు చేశాడు. మధ్యలో కోడలు వంగి ఆయనతో ఏదో అంది. ఆయన తలూపి అదీ చేర్చాడు. ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, నా కుడిపక్కకి వచ్చి నిలబడి చదివాడు.

"పై వాక్యం తప్పు. దాన్ని కొట్టివేస్తున్నాం. కస్టమర్ మొదటి నుంచీ చెప్పింది నిజం. బండిని ఎవరూ విప్పలేదు, లోపం తయారీలోనిది. గుర్తులు పెట్టింది కస్టమర్ అత్తగారు. అడిగినప్పుడు చెప్పకపోవడం ఆవిడ తప్పు. లోపాన్ని విప్పకుండా కనిపెట్టింది కూడా ఆవిడే. వృత్తి, మిల్లు ఫిట్టరు."

ఇంకోసారి చదవమన్నాను. ఆయన గొంతు పెంచి, మొదటి నుంచీ మళ్లీ చదివాడు. వినపడక అడిగాననుకున్నాడు పాపం. మొదటిసారే అంతా వినపడింది నాకు.